చూపు తగ్గిన మా తాతకి ఎవరి కామెంటరీ పెట్టాలి?

మూలాపేట మనవడు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మా తాతకి ఎనభై దాటినయ్. గ్లాకోమాతో రెండు కళ్లూ బాగా మందగించినయ్. వెలుతురు తెలుస్తది, ఎదురుగా మనిషి నిలబడితే ఆకారం తెలుస్తది. టీవీలో బంతి మాత్రం కనపడదు. క్రికెట్ అంటే ప్రాణం ఆయనకి. 1986లో చెపాక్‌లో ఆస్ట్రేలియాతో టై అయిన టెస్టుకి, ముందు రోజు రాత్రి బండెక్కి పోయి ఆఖరి రోజు ఆట చూసొచ్చాడు. గ్రెగ్ మాథ్యూస్ బంతికి మణిందర్ ఎల్బీడబ్ల్యూ అయింది నిన్న జరిగినట్టు చెప్తాడు. అవతలి ఎండ్‌లో రవిశాస్త్రి 48 కొట్టి అట్టానే నిలబడిపోయాడంట.

ఇప్పుడు ఆయన పక్కన కూచోని తెలుగు కామెంటరీ పెడతా ఉండా. రెండు బంతులకొకసారి "యాడికి పోయిందిరా?" అని నన్నే అడుగుతాడు. "అద్భుతం, ఏం షాట్ అండీ" అని వినపడతది. ఏ పక్కకి కొట్టాడో, నేల మీద పోయిందో గాల్లో పోయిందో చెప్పరు. మొన్న ఒక ఓవర్ మొత్తం ఇద్దరు కూచోని ఏ ఊళ్లో ఏ బిర్యానీ బాగుంటదో మాట్లాడుకున్నారు. ఆ ఓవర్లో మూడు సింగిల్స్ వచ్చినయ్. మా తాతకి స్కోరు మారినాక గానీ తెలవలా.

ఆయన మీద జాలితో రాస్తా ఉన్నానని అనుకోబాకండి, దారి కోసం అడుగుతా ఉండా. ఇంగ్లీషు బాగా వస్తది ఆయనకి. తమిళం వస్తది. హిందీ అర్థమవుతది. ఎవరి కామెంటరీ పెడితే ఆట కళ్ల ముందుకొస్తది?

కావలి రైలుకట్ట:
తమ్ముడూ, తప్పు తెలుగుది కాదు, టీవీది. టీవీ కామెంటేటర్‌కి మొదట నేర్పేదే బొమ్మలో కనపడేది మళ్లీ చెప్పొద్దని. ఆస్ట్రేలియా కామెంటేటర్ రిచీ బెనో గొప్పవాడయింది మాట్లాడకుండా ఉండే చోట మాట్లాడకపోవడం వల్లే. కళ్లున్నోడికి అది వరం, మీ తాతకి అదే శిక్ష. బెనోని పెట్టినా ఆయనకి బంతి యాడికి పోయిందో తెలవదు.

రేడియో వేరే విద్య. ఆకాశవాణి ఏయే మ్యాచులు ఇస్తా ఉందో చూడు. హిందీ కొంతసేపు, ఇంగ్లీషు కొంతసేపు మార్చి మార్చి చెప్తారు. మీ తాతకి రెండూ వచ్చు గాబట్టి ఇబ్బంది లేదు. బీబీసీ వాళ్ల టెస్ట్ మ్యాచ్ స్పెషల్ 1957 నుంచి నడస్తా ఉంది. ఇంగ్లండ్‌లో ఆడే టెస్టులకి దాన్ని మించింది లేదు. దొరికిన రోజు పెట్టి చూడు.

టంగుటూరు బ్యారన్:
రేడియో మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. మాది పొగాకు ఇల్లు. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే రేయింబగళ్లు బ్యారన్ కాడే, అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం కాడే. మంట చూసుకోవాలి, వేడి ఎంతుందో చూసుకోవాలి, నిద్రపోతే ఆకు పాడయిపోతది. పగటిపూట మాకు తోడు రేడియో.

1987 మార్చిలో బెంగుళూరు టెస్టు. గవాస్కర్‌కి అదే ఆఖరిది. పిచ్ మీద బంతి ఎట్టా తిరుగుతా ఉందో, ఎట్టా లేస్తా ఉందో రేడియోలో మనిషి చెప్తా ఉంటే మా నాయన చేతిలో కట్టెపుల్లతో మట్టిలో గీతలు గీసి మాకు చూపించాడు. ఈడ పడింది, ఇట్టా తిరిగింది, స్లిప్పు ఈడ ఉండాడు అని. నేను అప్పటికి ఒక్క టెస్టు మ్యాచ్ కూడా టీవీలో చూళ్లేదు. ఇక్బాల్ ఖాసిం బంతికి గవాస్కర్ 96 కాడ స్లిప్పులో దొరికిపోయాడని విన్నప్పుడు, ఆ స్లిప్పు ఫీల్డరు మా బ్యారన్ గోడ పక్కనే ఉన్నట్టు అనిపించింది. పదహారు పరుగులతో ఓడిపోయినాం. ఆ రోజు మా నాయన అన్నం తినలా.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వీడియో చూశా. నేను మట్టిలో చూసిందే అందులో ఉంది. రేడియో మనిషి ఒక్క ముక్క తప్పు చెప్పలా.

దర్గామిట్ట సిక్సర్:
అందరూ తెలుగు కామెంటరీని తిట్టేదానికి ముందు నా మాట వినండి. 2018 చివర్లో తెలుగు స్పోర్ట్స్ ఛానల్ వచ్చేదాకా మా అమ్మ క్రికెట్ పెడితే లేచి వంటింట్లోకి పోయేది. ఇప్పుడు ఐపీఎల్ వస్తే ఏడుగంటలకల్లా చేపల పులుసు దించేసి వచ్చి కూచుంటది. యార్కర్ అంటే ఏందో, నెట్ రన్ రేట్ ఎట్టా లెక్కేస్తారో నాకంటే బాగా చెప్తది. ఇంగ్లీషులో ఇరవై ఏళ్లు జరగని పని ఇది.

వెంకటపతి రాజు మాట్లాడతా ఉంటే వినండి. 28 టెస్టులు ఆడి 93 వికెట్లు తీసిన ఎడమచేతి స్పిన్నరు. బంతి వేసేవాడి మణికట్టు ఎట్టా ఉంది, ఎందుకు ఆ బంతి తిరగలేదు అని చెప్తాడు. ఎమ్మెస్కే ప్రసాద్ కీపరు గనక స్టంపుల వెనక నుంచి చూసినట్టు చెప్తాడు. వీళ్లు చెప్పేది తెలుగులో రావడం మన అదృష్టం.

మూలాపేట మనవడు:
దర్గామిట్ట సిక్సర్ అన్నా, మీ అమ్మగారి మాట నాకు బాగా నచ్చింది. నేను తెలుగు వద్దని అన్లేదు. మా తాతకి తెలుగులోనే వినాలని ఉంది. "మన భాషలో బంతి యాడికి పోయిందో చెప్పలేరా?" అని అడిగాడు, అంతే.

ఆత్మకూరు మాష్టారు:
పెద్దాయన అడిగిన ప్రశ్న చాలా పెద్దది. నేను తెలుగు చెప్పే పంతులుని, క్రికెట్ పిచ్చివాణ్ణి కూడా. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

హిందీలో క్రికెట్ చెప్పడానికి ఒక భాష తయారయింది. అది ఊరికే రాలేదు. సుశీల్ దోషి, రవి చతుర్వేది, జస్‌దేవ్ సింగ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి రేడియోలో కూర్చుని మలిచిన భాష అది. బొమ్మ లేదు కాబట్టి మాటతోనే మైదానం గీయవలసి వచ్చింది. సుశీల్ దోషికి 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఇండోర్ స్టేడియంలో కామెంటరీ బాక్సుకు ఆయన పేరు పెట్టారు. తెలుగు కామెంటరీ ఇంటింటికీ వచ్చింది టీవీతో. ముందే బొమ్మ ఉంది. కాబట్టి "అటు చూడండి" అంటే సరిపోయింది. వర్ణించే అవసరం పడలేదు. మన కుర్రాళ్లలో లోపం లేదు, వాళ్లకు ఆ సాధన దొరకలేదు.

అయితే తెలుగులో ఆ భాష అసలు లేదని మాత్రం నేను ఒప్పుకోను. అది మన ఊళ్లలో ఉంది. సంక్రాంతికి టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో మైకు పట్టుకునే మనిషిని గుర్తు చేసుకోండి. కోసిన పొలంలో పిచ్ చేస్తారు. ఒక పక్క చెరువు కట్ట, ఒక పక్క కరెంటు స్తంభం, ఇంకో పక్క గడ్డివామి. ఆయన ఏమంటాడు? "బంతి లేచింది, లేచింది, గడ్డివామి మీదుగా పోతా ఉంది, వామి ఎనకాల మనిషి లేడు, సిక్సు!" అంటాడు. మైదానానికి రాలేని ఆడవాళ్లు ఇళ్లలో పిండివంటలు చేసుకుంటూ అది వింటారు. మంచం మీద ఉన్న ముసలివాళ్లు వింటారు. ఆ మైకు మనిషికి తన మాట కనపడని చోటికి కూడా పోతుందని తెలుసు. అందుకే గడ్డివామి పేరు చెప్తాడు, చెరువు కట్ట పేరు చెప్తాడు. దిక్కులు చెప్పకుండా ఆయన ఒక్క బంతి కూడా వదలడు.

"లేపాడు", "తోశాడు", "కోశాడు", "నెట్టాడు", "దించాడు" అని ఒక్కో షాటుకు ఒక్కో క్రియ ఉంది మనకు. కట్ షాట్‌ను "కోశాడు" అంటే బ్యాటు ఎలా వచ్చిందో వినేవాడికి కళ్లకు కడుతుంది. టీవీలో ఈ మాటలన్నీ పక్కనపెట్టి అన్నింటికీ "అద్భుతం" వాడుతున్నారు. అదీ నా బాధ.

సింగరాయకొండ కీపర్:
మాష్టారూ, దండం సార్. గడ్డివామి మాటకి నా చిన్నతనం గుర్తొచ్చింది.

నాదొక సలహా. కామెంటరీ సౌండు తగ్గించి, వికెట్ల కాడ పెట్టే స్టంప్ మైకు వినిపించే వీడియోలు పెద్దాయనకి పెట్టండి. ఆటలో అసలు రుచి అందులోనే ఉంది. బంతి పడకముందు, పడ్డ తర్వాత మైకు మూసెయ్యాలనే నియమాన్ని 2018 చివర్లో ఐసీసీ సడలించింది. ఆ డిసెంబర్‌లోనే మెల్‌బోర్న్‌లో మన కీపర్ పంత్, ఆస్ట్రేలియా కెప్టెన్ టిమ్ పెయిన్ మాటలు ప్రపంచమంతా విన్నాం. నేనూ నా భార్యా సినిమాకి పోతాం, పిల్లల్ని చూసుకుంటావా అని పెయిన్ అడిగాడు. తర్వాత పెయిన్ బ్యాటింగుకి వచ్చినప్పుడు టెంపరరీ కెప్టెన్ అని పంత్ వెనక నుంచి ఎక్కిరించాడు. కొత్త సంవత్సరం రోజు పంత్ ఆ పిల్లల్లో ఒకర్ని నిజంగానే ఎత్తుకుని పెయిన్ భార్యతో ఫోటో దిగాడు. ఎక్కిరింపు అంటే అట్టా ఉండాలి. మాట తగలాలి, పుండు కాకూడదు.

ధోనీ సంగతి చూడండి. 2018 ఆసియా కప్పులో అఫ్గానిస్థాన్ మీద కుల్దీప్ ఫీల్డు మార్చమని అడుగుతా ఉంటే, బౌలింగ్ వేస్తావా, బౌలర్ని మార్చమంటావా అన్నాడు. ఒక్క ముక్కలో కెప్టెన్సీ మొత్తం ఉంది. నేను కీపింగ్ చేసేవాణ్ణి గనక చెప్తా ఉండా, కీపర్ నోరు పదకొండుమందికి గుండెకాయ. ఒంగోలు శర్మా కాలేజీ గ్రౌండులో రంజీ మ్యాచ్ జరిగితే బౌండరీ తాడు పక్కన కూచున్నా. కీపర్ మాటలు ఆడదాకా వినపడినయ్. స్కోరు బోర్డు చూడకుండానే మన టీమ్ పైచేయిగా ఉందో లేదో ఆ గొంతు బట్టి చెప్పొచ్చు.

నాయుడుపేట నుంచి:
తమిళం వస్తదన్నారు గదా తాతగారికి. అయితే 2021 జనవరి సిడ్నీ టెస్టు ఆఖరి రోజు వినిపించండి. అశ్విన్ విహారితో తమిళంలో మాట్లాడతా ఉంటాడు, పది పది బంతులుగా ఆడుకుంటా పోదామని. స్టంప్ మైకులో చక్కగా వినపడతది. మా ఇంట్లో అందరికీ తమిళం వచ్చు గనక మేమందరం వాళ్లతో పాటు ఆ ఇన్నింగ్స్ ఆడినట్టే ఉన్నింది. విహారికి తొడ నరం పట్టేసింది, అశ్విన్‌కి నడుం వంగదు. ఇద్దరూ నలభై ఓవర్ల పైన నిలబడినారు. విహారి 161 బంతులాడి 23. ఆ 23 నాకు ఎన్నో సెంచరీల కంటే ఎక్కువ. కాకినాడ కుర్రోడు, అప్పటి మన ఆంధ్రా కెప్టెను, పరుగెత్తలేక నిలబడే టెస్టు కాపాడాడు.

తర్వాతి టెస్టుకి బ్రిస్బేన్‌లో గబ్బా గ్రౌండుకి రా చూసుకుందాం అన్నట్టు పెయిన్ అశ్విన్‌తో నోరు పారేసుకున్నాడు ఆ రోజే. తర్వాత రోజు విలేకరుల్ని పిలిపించుకుని మరీ క్షమాపణ చెప్పాడు. గబ్బాలో ఏమైందో అందరికీ తెలుసు. 2021 జనవరి 19, పంత్ 89 నాటౌట్, మనం గెలిచినాం.

కోవూరు సెకండ్ స్లిప్:
గబ్బా పేరు వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

దర్గామిట్ట సిక్సర్:
స్టంప్ మైకులో పెద్దవాళ్లకి వినిపించలేనివి చాలా ఉంటాయి గదా అన్నా. 2024లో విశాఖ టెస్టులో రోహిత్ అన్న మాట, తోటలో తిరిగినట్టు తిరిగితే ఊరుకోనన్నది, అందరం నవ్వుకున్నాం గానీ దాని వెనకే బూతు ఉంది. మా అమ్మ పక్కన ఉంటే నేను సౌండు తగ్గిస్తా.

సింగరాయకొండ కీపర్:
అది నిజమే. తాతగారికి ఏరి పెట్టాలి.

కందుకూరు అక్క:
మాటల దాడి గురించి మగపిల్లలు ముచ్చటగా రాస్తా ఉండారు. నాకు అన్నీ ముచ్చటగా లేవు. ఆ సిడ్నీ టెస్టులోనే సిరాజ్ బౌండరీ కాడ నిలబడితే జనంలోంచి ఏమన్నారు? ఆట ఆపి అంపైర్‌కి చెప్పాడు. ఆరుగుర్ని స్టేడియం బయటికి పంపించారు. అంతకు రెండు నెలల ముందే తండ్రి పోతే, ఇంటికి రాకుండా ఆడే ఉండిపోయిన బిడ్డ అతను. ఆ తర్వాత వారమే గబ్బాలో ఐదు వికెట్లు తీసి ఆకాశం వంక చూశాడు. సిరాజ్‌కి కోపం ఎక్కువ అని కామెంటేటర్లు అంటా ఉంటే నాకు ఆ రోజు గుర్తొస్తది. 2024 డిసెంబర్‌లో అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్‌ని అవుట్ చేసి పంపించిన తీరుకి ఫీజులో ఇరవై శాతం పోయింది, 2025లో లార్డ్స్‌లో బెన్ డకెట్ విషయంలో పదిహేను శాతం పోయింది. అవి తప్పులే, నేను వెనకేసుకురాను. కానీ ఓవల్‌లో ఆఖరి రోజు ఆరు పరుగుల తేడాతో గెలిపించింది కూడా ఆ నిప్పే గదా. ఆ నిప్పు ఉంటేనే సిరాజ్.

విరాట్ సంగతి ఇంకో రకం. 2023 మే 1న లక్నోలో అఫ్గాన్ బౌలర్ నవీన్ ఉల్ హక్‌తో, గంభీర్‌తో జరిగింది చూడలేకపోయినాం. విరాట్‌కీ గంభీర్‌కీ ఫీజు మొత్తం జరిమానా. అదే విరాట్, అదే ఏడు అక్టోబర్‌లో ఢిల్లీలో వరల్డ్ కప్ మ్యాచులో జనం నవీన్‌ని ఎక్కిరిస్తా ఉంటే, వద్దని చేత్తో సైగ చేసి ఆపి, పోయి కౌగిలించుకున్నాడు. లక్నో వీడియోని లక్షసార్లు చూపించారు. ఢిల్లీది చూపించాల్సినంత చూపించలా.

టంగుటూరు బ్యారన్:
కందుకూరు అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు. జనం సంగతి వచ్చింది గనక, 1999 జనవరి 31న చెపాక్‌లో నేను ఉన్నా. ఒంగోలు నుంచి ఆరుగురం పోయినాం. పాకిస్తాన్ మీద 271 కొట్టాలి. సచిన్ 136 కొట్టి అవుటయ్యాడు, మిగిలినోళ్లు గంటలోపల అయిపోయారు. పన్నెండు పరుగులు. ఒక్క నిమిషం స్టేడియంలో ఊపిరి వినపడలా. తర్వాత ఒకరు లేచారు, పదిమంది లేచారు, మొత్తం స్టేడియం లేచి పాకిస్తాన్ వాళ్లకి చప్పట్లు కొట్టింది. వాళ్లు గ్రౌండు చుట్టూ తిరిగారు. నేనూ కొట్టా, ఏడస్తా కొట్టా.

ఇంకో మాట. 2024 మెల్‌బోర్న్‌లో పంత్ ఆ పడిపోయే షాట్ ఆడి అవుటయితే గవాస్కర్ మైకులో తెలివితక్కువ, తెలివితక్కువ, తెలివితక్కువ అని మూడుసార్లు తిట్టాడని చాలామంది కోపం చేశారు. నేను చెయ్యలా. బెంగుళూరులో ఆ పిచ్ మీద 96 కొట్టినోడికి వికెట్ విలువ తెలుసు. 2025లో లీడ్స్‌లో పంత్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొడితే అదే మనిషి సూపర్బ్, సూపర్బ్, సూపర్బ్ అని మూడుసార్లు మెచ్చుకున్నాడు. తిట్టినోడే మెచ్చుకుంటే దానికి విలువ. జడేజా విషయంలో మంజ్రేకర్ కూడా అంతే. 2019 వరల్డ్ కప్పులో అరకొర ఆటగాడన్నట్టు మాట్లాడాడు, సెమీఫైనల్లో జడేజా 77 కొట్టినాక తన అంచనా తప్పిందని ఒప్పుకున్నాడు.

కావలి రైలుకట్ట:
మంజ్రేకర్‌ని అంత తేలిగ్గా వదలను నేను. అదే ఏడు కోల్‌కతా పింక్ బాల్ టెస్టులో, బంతి కనపడతా ఉందో లేదో ఆటగాళ్లని అడిగితే బాగుంటదని హర్షా భోగ్లే అంటే, నీకైతే అడగాల్సిన అవసరం ఉంది, ఆడిన మాకు లేదు అన్నాడు. తర్వాత తప్పయిందన్నాడు, సరే. కానీ అసలు ఆలోచనే తప్పు. హర్షా మన హైదరాబాదులో పుట్టి, పందొమ్మిదేళ్లకే ఆకాశవాణిలో మైకు పట్టుకున్న మనిషి. ఆడనోడు అడుగుతాడు. అడిగితేనే వినేవాడికి తెలుస్తది. ఆడినోడు తనకి తెలిసింది అందరికీ తెలుసుననుకుంటాడు.

ఆత్మకూరు మాష్టారు:
చాలా బాగా చెప్పారు. మా ఊరి మైకు మనిషి పోలియో వచ్చి కాలు లాగే మనిషి. ఒక్క బంతి కూడా ఆడలేదు జీవితంలో. ఆయన చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు.

కందుకూరు అక్క:
మూలాపేట తమ్ముడూ, అసలు విషయం రాయడం మర్చిపోయా. నేను చూపు లేని పిల్లలకి పరీక్షలు రాసిపెడతా ఉంటా. వాళ్ల దగ్గర విన్నదే ఇదంతా.

జింబాబ్వేలో డీన్ డు ప్లెసిస్ అని ఒకాయన ఉండాడు. పుట్టుకతోనే చూపు లేదు. 2001 నుంచి అంతర్జాతీయ మ్యాచులకి కామెంటరీ చెప్తా ఉండాడు. ఎట్టాగంటే స్టంప్ మైకు వింటాడు. బౌలర్ పరుగెత్తే అడుగుల చప్పుడు బట్టి ఎవరు వేస్తా ఉండారో పట్టేస్తాడు. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు బట్టి ఎటు కొట్టాడో చెప్తాడు. ఇందాక కీపర్ తమ్ముడు స్టంప్ మైకు అన్నాడు గదా, అది సరదా కోసమే కాదు, మీ తాతకి అదే చూపు.

చూపు లేనివాళ్ల క్రికెట్లో బంతి లోపల గోళీలు ఉంటాయి, గలగలమంటది. బౌలర్ "రెడీ?" అని అడగాలి. బ్యాటరు "యస్" అన్నాకే "ప్లే" అని అరిచి బంతి వదలాలి. గ్రౌండులో మాట్లాడటం ఆడ నియమం. మాట లేకపోతే బంతి లేదు. పూర్తిగా చూపు లేనివాడు కొట్టిన పరుగుకి రెండు లెక్క. మన ఉమ్మడి గుంటూరు జిల్లా అజయ్ కుమార్ రెడ్డి ఇండియాకి కెప్టెన్‌గా 2017లో టీ20 వరల్డ్ కప్పు, 2018లో వన్డే వరల్డ్ కప్పు తెచ్చాడు, అర్జున అవార్డు వచ్చింది. 2025 నవంబర్‌లో చూపు లేని ఆడపిల్లలు కొలంబోలో టీ20 వరల్డ్ కప్పు కొట్టారు. తాతగారికి ఇవన్నీ చెప్పు. చూపు పోతే ఆట పోయినట్టు కాదని ఆయనకి తెలియాలి.

కోవూరు సెకండ్ స్లిప్:
అక్కా, గోళీల బంతి సంగతి నాకు ఇప్పటిదాకా తెలవదు. మా కుర్రాళ్లందరికీ చెప్తా.

మూలాపేట మనవడు:
మూడు రోజులు రాయలేదు, ఏమనుకోబాకండి. మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశా.

నాయుడుపేట అన్న చెప్పిన సిడ్నీ వీడియో ముందు పెట్టా. అశ్విన్ తమిళం వినపడగానే తాత పకపకా నవ్వాడు. "చెన్నై వీధిలో ఆడినట్టే ఉండార్రా" అన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

తర్వాత నితీష్ రెడ్డి సెంచరీ. 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్. ఈసారి కామెంటరీ తీసేసి, గ్రౌండు సౌండు మాత్రం సన్నగా ఉంచి నేనే చెప్పా. మాష్టారు చెప్పిన మాటలు వాడా. నితీష్ 99 మీద అవతల నిలబడి ఉండాడు తాతా, సిరాజ్ బ్యాటింగు, కమిన్స్ చేతిలో బంతి, ఇంకా మూడు బంతులు ఉండాయి, దగ్గర ఫీల్డర్లు చుట్టూ మూగారు అన్నా. మొదటి బంతికి నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో బంతికి వేళ్లు నొప్పెట్టేంత బిగించాడు. ఫలితం ఆయనకి ముందే తెలుసు, ఆ రోజే విన్నాడు. అయినా బిగించాడు. సిరాజ్ మూడూ ఆపాడు. తర్వాత ఓవర్లో బోలండ్‌ని నితీష్ మిడాన్ మీదుగా లేపాడు అని నేను చెప్పే లోపలే చప్పుడు విని "ఫోరు" అన్నాడు తాత. జనం అరుపు వచ్చింది. నేను నోరు మూసుకున్నా. నితీష్ వాళ్ల నాయన జనంలో ఏడస్తా ఉన్న బొమ్మ వచ్చినాక చెప్పా. తాత కండువాతో మొహం తుడుచుకున్నాడు.

నాకు కష్టమైందేందంటే, నాకు ఫీల్డు గుర్తుండదు. "స్లిప్పులో ఎంతమంది ఉండారు? పాయింట్ లోపలా బయటా?" అని అడుగుతా ఉంటే ప్రతిసారీ వెతుక్కోవాల్సొచ్చింది. ఇన్నేళ్లు క్రికెట్ చూసి నేను బంతిని తప్ప ఫీల్డుని చూళ్లేదని ఇప్పుడు తెలిసొచ్చింది. కళ్లు లేని మనిషికి ఫీల్డు మొత్తం మనసులో ఉంది.

టంగుటూరు బ్యారన్:
ఒక పళ్లెం తీసుకో, తమ్ముడూ. చింతగింజలు పదకొండు పెట్టు. ఫీల్డు మారినప్పుడల్లా ఆయన చెయ్యి పట్టుకుని గింజ జరుపు. మా నాయన మట్టిలో గీసినట్టే.

మూలాపేట మనవడు:
అన్నా, రేపే చేస్తా. బ్యాటర్లకి రెండు గవ్వలు పెడతా, తేడా తెలిసేదానికి.

అల్లూరు మైకు:
ఇన్ని రోజులుగా చదవతానే ఉండా, రాయలా. మాష్టారు చెప్పిన రకం మనిషిని నేను. మా పక్క ఊళ్లలో సంక్రాంతి టోర్నమెంట్లకి పద్దెనిమిదేళ్లుగా మైకు పడతా ఉండా. బయానా, మందులకొట్టు వాళ్లిచ్చిన షీల్డు, దాతల పేర్లు, తప్పిపోయిన పిల్లోళ్లు, అన్నీ నేనే చెప్పాలి. మధ్యలో ఆట. ఒక ఏడాది గ్రౌండు పక్కింట్లో పక్షవాతంతో పడుకున్న ముసలాయన కొడుకుని పంపించి నాకు ఒక మాట చెప్పించాడు, "ఎడమచేతివాడో కుడిచేతివాడో చెప్పమను, లేకపోతే షాట్ ఎటో తెలవడం లేదు" అని. ఆ రోజు నుంచి ప్రతి బ్యాటరు దిగినప్పుడు ముందు అదే చెప్తా. అంతకుముందు పేరు మాత్రం చెప్పేవాణ్ణి.

తమ్ముడూ, ఈ సంక్రాంతికి మీ తాతని తీసుకురా. నెల్లూరు నుంచి పెద్ద దూరం కాదు, బస్సు వద్దు, ఆటో మాట్లాడుకో. మైకు నా చేతిలో ఉంటది. ఆయన కోసమని వేరే చెప్పను, ఎప్పుడూ చెప్పినట్టే చెప్తా.

మూలాపేట మనవడు:
అన్నా, చదివి వినిపించా. తాత రెండు ప్రశ్నలు అడగమన్నాడు. మొదటి మ్యాచ్ ఎన్ని గంటలకి? గడ్డివామి ఏ పక్క?

అల్లూరు మైకు:
ఎనిమిదిన్నరకి టాస్. గడ్డివామి లాంగాన్ కాడ, కుడిచేతివాడికి. మిడ్‌వికెట్ పక్క కాలవ ఉంది, అందులో పడితే రెండు పరుగులే. షామియానా వేస్తాం. ఆయన కుర్చీ నా మైకు పక్కన.